రెండు వారముల మాట



ఈ దినములలో కంప్యూటరు పనికి ఒక కుమారునైనను కుమార్తెనైనను పంపని వీధి మన పల్లెలలో అరుదు. వారిలో కొందరు హైదరాబాదులోను, కొందరు బెంగుళూరులోను, మరికొందరు అమెరికాలోను ఉన్నారు. సాయంకాలము తల్లి ఫోను చేసినప్పుడు, "అమ్మా, ప్లానింగులో ఉన్నాను, మళ్లీ చేస్తాను" అని బిడ్డ పెట్టివేయును. ఒక్కొక్కప్పుడు "స్ప్రింటు" అను మాటయు ఆమె చెవిని పడును. కొద్ది దూరము మిక్కిలి వేగముగా పరుగెత్తుట అని ఆ ఇంగ్లీషు మాటకు అర్థము. కుర్చీలో కూర్చుండి పని చేయు బిడ్డ ఎక్కడికి పరుగెత్తుచున్నాడో ఆ తల్లికి తెలియదు; చెప్పుటకు బిడ్డకు తీరిక లేదు.

నేను 2001వ సంవత్సరము మొదలుకొని హైదరాబాదులో ఈ పనియే చేయుచున్నాను. రెండు వారములకొక దినము మేమందరము ఒక గదిలో కూడుకొని, రాబోవు రెండు వారములలో ఏ పని చేయుదుమో, ఎంత చేయుదుమో నిర్ణయించుకొందుము. బయటినుండి చూచువారికి అది వట్టి సమావేశము. అయితే ఆ దినమున పలికిన మాటనుబట్టియే తరువాతి 14 దినములు మా ఇండ్లలో దీపము ఏ వేళకు ఆరునో నిర్ణయమగును. ఒకని సత్యసంధత తెలియునదియు ఆ గదిలోనే. అందుచేత ఆ ఒక్క దినమును గూర్చియే వ్రాయ పూనుకొన్నాను.

కంప్యూటరు తనంతట తానేమియు చేయదు. వరుసగా వ్రాసియిచ్చిన ఆజ్ఞలను మాత్రమే అది నెరవేర్చును. ఆ ఆజ్ఞల వ్రాతకే సాఫ్ట్‌వేర్ అని పేరు. గోడ కట్టువాడు ఎన్ని వరుసలు లేచినవో చూపగలడు. మగ్గము నేయువాడు ఎన్ని మూరలైనదో కొలిచి చూపగలడు. మా పని కంటికి కనబడదు. "సగమైనది" అని ఒకడు చెప్పినయెడల ఆ మాటను నమ్ముటయే గాని కొలిచి చూచుటకు మూరకోల లేదు. ఇందువలననే ఒక పనికి ఎంత కాలము పట్టుననునది మా వృత్తిలో మొదటినుండియు పెద్ద చిక్కు.

పూర్వము ఏడాదికో రెండేండ్లకో సరిపడు పనినంతటిని మొదటనే కాగితములమీద వ్రాసి, తరువాత నమూనా గీసి, తరువాత ఆజ్ఞలు వ్రాసి, కట్టకడపట పరీక్షించెడివారు. నీరు మెట్టునుండి మెట్టుకు దిగినట్లు పని దిగునని దీనికి జలపాత పద్ధతి అని పేరు వచ్చెను. 1970లో విన్‌స్టన్ రాయిస్ అను అమెరికా ఇంజనీరు ఒక వ్యాసములో ఈ మెట్లను బొమ్మ గీసి చూపి, ఒక్క దిగుడుగా ఇట్లు దిగిపోవుట అపాయకరమని అక్కడనే హెచ్చరించెను. లోకము బొమ్మను తీసికొని హెచ్చరికను విడిచిపెట్టెను. 1975లో ఫ్రెడ్ బ్రూక్స్ అను మరియొకడు, ఐబీఎం కంపెనీలో గొప్ప పనిని నడిపిన అనుభవముతో, ఆలస్యమైన పనికి మనుష్యులను చేర్చినకొలది అది మరింత ఆలస్యమగునని వ్రాసెను. నాట్లకు 10 మందికి బదులు 20 మంది కూలీలు వచ్చినయెడల ప్రొద్దు గ్రుంకకమునుపే మడి తీరును. మా పని అట్టిది కాదు. క్రొత్తగా వచ్చినవానికి పాతవాడు ప్రక్కన కూర్చుండి అంతయు నేర్పవలెను. నేర్పునంతసేపు ఇద్దరి పనియు నిలిచియుండును.

నేను చేరిన మొదటి పని ఇట్టిదే. 9 నెలలలో ముగించెదమని పైవారు ఒప్పుకొనిరి. 15 నెలలు పట్టెను. చివరి మూడు నెలలు మాలో అనేకులము ఆఫీసు నేలమీదనే పండుకొంటిమి. తీరా చూపినప్పుడు కొనినవారు చూచి, "మేము అడిగింది ఇదే. కాని ఇప్పుడు మాకు కావలసింది ఇది కాదు" అనిరి. ఆ 15 నెలలలో వారి వ్యాపారమే మారిపోయియుండెను. వారిని తప్పు పట్టుటకు లేదు.

అదే 2001వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో, అమెరికా దేశములోని యూటా రాష్ట్రమున, స్నోబర్డ్ అను కొండ విడిదిలో 17 మంది సాఫ్ట్‌వేర్ పనివారు కూడుకొని ఒక చిన్న ప్రకటన వ్రాసిరి. దానిని ఎజైల్ ప్రకటన అందురు. ఎజైల్ అనగా చురుకైనది, సులభముగా మళ్లుకొనగలది అని అర్థము. సంవత్సరముల తరబడి దాచియుంచి చివర చూపుట మానుకొని, కొద్ది వారములకో కొద్ది నెలలకో ఒకసారి పనిచేయు సాఫ్ట్‌వేరును వాడువారి చేతికి ఇయ్యవలెననియు, ఆ వ్యవధి ఎంత చిన్నదైన అంత మేలనియు వారి తలంపులలో ఒకటి. ఆ 17 మందిలోనివారైన కెన్ ష్వాబర్, జెఫ్ సదర్లాండ్ అనువారు 1995లోనే స్క్రమ్ అను పద్ధతిని వెల్లడిచేసియుండిరి. స్ప్రింటు అను పేరు అందులోనిదే. ఒక స్ప్రింటు నెలకు మించరాదు. రెండు వారముల స్ప్రింటు ఎక్కువ వాడుకలోనున్నది.

ఇక ప్లానింగు దినము ఎట్లు జరుగునో చెప్పెదను. చేయవలసిన పనులన్నిటి చిట్టా ఒకటి ముందే సిద్ధముగా నుండును. సాఫ్ట్‌వేరును వాడువారి పక్షమున మాటలాడు మనిషి ఒకడు ఆ చిట్టాలో ఏది ముందు, ఏది వెనుక అని వరుస పెట్టును. అతనిని ప్రొడక్ట్ ఓనర్ అందురు. ఏది ముఖ్యమో చెప్పు అధికారము అతనిది. అయితే ఈ రెండు వారములలో ఎంత పట్టునో చెప్పు అధికారము చేతులతో పని చేయువారిదే. ఈ రెండు అధికారములను కలిపివేయరాదు. తాను చేయని పనికి తానే గడువు పెట్టి మాట యిచ్చువాడు అత్త సొమ్ము అల్లుడు దానము చేసినట్లు ఇతరుల నిద్రను దానము చేయుచున్నాడు.

తరువాత మనుష్యులను లెక్కింతుము. సంక్రాంతికి ఊరికి పోవువారెవరు? చెల్లెలి పెండ్లి ఎవరికున్నది? ఎవరి బిడ్డకు పరీక్షలు? ఈ దినములన్నియు తీసివేయగా మిగిలినవే మా దినములు. పిమ్మట పనిని చిన్న ముక్కలుగా చేయుదుము. ప్రతి ముక్కయు వాడువారికి కొంచెమైనను అక్కరకు వచ్చునదై యుండవలెను. కొడవలికి ఈ వారము పిడి, వచ్చే వారము అలుగు చేసిచ్చినయెడల రైతు ఈ వారము ఏమి కోయును? చిన్న కొడవలియైనను పూర్తిగా చేసియిచ్చుట మేలు.

ప్రతి ముక్కకు పాయింట్లు వేయుదుము. పాయింటు అనగా గంట కాదు, రూపాయి కాదు. కళ్లములో వడ్లు కొలుచు కుంచమువంటిది. ఒక ఊరి కుంచము మరియొక ఊరి కుంచముతో సరిపోకపోవచ్చును. అయినను ఆ ఊరివారికి ఆ కుంచముతోనే న్యాయము జరుగును. గడచిన మూడు స్ప్రింటులలో 21, 18, 20 పాయింట్ల పని ముగిసినదనుకొనుడు. ఈసారి 20కి దగ్గరగా తీసికొందుము, 35 తీసికొనము. కెంట్ బెక్ మొదలగువారు ఈ లెక్కకు నిన్నటి వాతావరణము అని పేరు పెట్టిరి. నిన్న ఎండ కాచినయెడల నేడును కాయునని తలంచుట తప్పిపోవచ్చును గాని, ఊరక ఊహించుటకంటె అది నమ్మదగినది.

ఇంత లెక్క ఎందుకని మీరడుగవచ్చును. ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు ఊరక అనలేదు. మనుష్యుడు తన పనిని గూర్చి తాను వేసికొను అంచనా ఎల్లప్పుడు తక్కువగానే యుండును. 1994లో ప్రచురింపబడిన ఒక పరిశోధనలో, తమ సిద్ధాంత వ్యాసమును ఎన్ని దినములలో ముగించెదరని కాలేజీ విద్యార్థులను అడిగిరి. వారు సగటున 34 దినములనిరి. అన్నియు అడ్డము తిరిగినయెడల ఎన్ని దినములని అడుగగా సుమారు 49 దినములనిరి. నిజముగా పట్టినవి సగటున 55 దినములకు పైమాట. చెడు జరుగునని తలంచి చెప్పిన లెక్కయు చాలలేదు! కాబట్టి మన ఆశను అడుగక, మనము ఇదివరకు చేసినదానిని అడుగవలెను.

పాయింట్లు వేయుటకు ఒక మంచి ఆచారము గలదు. దీనిని 2002లో, స్నోబర్డ్‌లో కూడిన ఆ 17 మందిలో ఒకడైన జేమ్స్ గ్రెన్నింగ్ వెలువరించెను. ప్రతివాని చేతిలోను 1, 2, 3, 5, 8, 13 మొదలగు అంకెలు గల చీట్లుండును. పనిని చదివి వినిపించిన తరువాత ప్రతివాడును తనకు తోచిన అంకెను ఎవరికిని చూపక బోర్లించి పెట్టును. అందరును ఒక్కసారే తిప్పుదురు. ఏలయనగా పెద్దవాడు ముందు పలికినయెడల చిన్నవారు ఆ మాటకే తలయూపుదురు. పంచాయతీలలో మనము చూచునది ఇదే గదా. అంకెలు కలియనప్పుడు ఎక్కువ వేసినవాడును తక్కువ వేసినవాడును కారణము చెప్పవలెను.

2011లో మేము ఏడుగురము ఆసుపత్రుల మందుల గదులకు లెక్క చూచు సాఫ్ట్‌వేరు వ్రాయుచుంటిమి. గడువు తీరిన మందుల పేర్లు తెరమీద ఎర్రగా కనబడవలెనని ఒక పని వచ్చెను. చీట్లు తిప్పగా ఆరుగురివి 3. క్రొత్తగా చేరిన ఒక అమ్మాయిది 13. ఆమె అనంతపురము జిల్లా పల్లెనుండి వచ్చిన పిల్ల. ఆ గదిలో అందరికంటె చిన్నది. ఒకరిద్దరు నవ్విరి. ఆమె ముఖము ఎర్రబడెను. అయినను ఆచారముననుసరించి ఆమెను అడిగితిమి.

"పోయిన వారమంతా మందుల గదుల వాళ్ల ఫోన్లు నేనే తీశాను సార్. పాత లెక్కల్లో గడువు రెండు రకాలుగా రాశారు. కొన్నిచోట్ల నెల ముందు, కొన్నిచోట్ల సంవత్సరం ముందు. 10-12 అని ఉంటే అది 2012 అక్టోబరా, 2010 డిసెంబరా తెలియదు. దాన్ని నమ్మి రంగు వేస్తే మంచి మందు పారేస్తారు, పాడైన మందు ఇచ్చేస్తారు" అని ఆమె చెప్పెను.

గదిలో కొంతసేపు ఎవరును మాటలాడలేదు. రంగు వేయు పనిని ఆ స్ప్రింటునుండి తీసివేసి, పాత తేదీలను సరిచేయు పనిని తీసికొంటిమి. మందుల గదివారు ఒక్కొక్క పెట్టె దింపి చీటీలను చూచుచుండగా, మా లెక్కలో ఇంక ఏడాది గడువున్నట్లు కనబడి, నిజముగా గడువు తీరిపోయిన పెట్టెలు కొన్ని దొరికెను. అందులో పసిపిల్లల జ్వరపు మందులు కూడ ఉండెను. చీట్లు బోర్లించు ఆచారము లేనియెడల, నాలుగైదేండ్ల అనుభవము గల మా ఆరుగురి 3 ముందు ఆ పిల్ల నోరు తెరచియుండునా?

అయితే ఏ మంచి పద్ధతియైనను చేతులు మారినప్పుడు కొరడా కాగలదు. తరువాత నేను పని చేసిన మరియొక చోట, ప్రతి స్ప్రింటునకు పాయింట్లు పెరుగవలెనని పైవారు పట్టుపట్టిరి. అప్పుడేమి జరిగెను? 3 వేయవలసిన పనికి అందరును 5 వేసిరి. కుంచము చిన్నదాయెను, గింజలు పెరుగలేదు. అదియు చాలక, మేము 18కి మించి ఎన్నడును ముగింపలేదని తెలిసియు, ప్రతిసారి 30 పాయింట్లు మా తలమీద పెట్టిరి.

అక్కడ ఒక యువకుడుండెను. ఎవరేది చెప్పినను "అయిపోతుంది సార్" అనుటయే గాని కాదనుట ఎరుగడు. అట్టి పిల్లవాని మంచితనము మీదనే భారమంతయు చేరును. నాలుగు స్ప్రింటులు అతడు ఇద్దరి పని చేసెను. అత్యవసరమని చెప్పిన ఒక పనికొరకు మూడు రాత్రులు వరుసగా ఆఫీసులోనే యుండి, నాలుగవ రాత్రి ఇంటికి పోవుచు నిద్రమత్తులో బైకును డివైడరుకు గుద్ది కాలు విరుగగొట్టుకొనెను. మరునాడు అతని తండ్రి ఊరినుండి వచ్చెను. ఆసుపత్రి వరండాలో మమ్మును చూచి ఆయన లేచి నిలువబడి, "మావాడు పని ఎగ్గొట్టే రకం కాదండీ. నాలుగు రోజుల్లో లేచి వచ్చేస్తాడు. మీరేమీ అనుకోకండి" అనెను. కుమారునికి ఉద్యోగము పోవునని ఆయన భయము. ఆయనకు ఏమి జవాబు చెప్పవలెనో మాకు తోచలేదు.

తరువాతి ప్లానింగు దినమున, ఆ పిల్లవాని పనిని మిగిలిన ఆరుగురికి పంచవలెనని మేనేజరు చెప్పెను. మాలో పెద్దది, మేమందరము అక్క అని పిలుచు ఆమె, గడచిన అయిదు స్ప్రింటుల లెక్కను బల్లమీద పరచెను. 30 తీసికొన్నవి అయిదుసార్లు. ముగిసినవి 18, 17, 18, 16, 17. ఆమె గొంతు హెచ్చింపలేదు. "ఇప్పుడు మేము ఆరుగురమే. 15 తీసుకుంటాం సార్. ఏ 15 అన్నది మీరే చెప్పండి" అని చిట్టాను అతని ముందుకు జరిపెను.

అతడు చాలసేపు చూచెను. అతనికి కోపము రాలేదని చెప్పలేను. కడపటికి కలము తీసి ఒక్కొక్క పనిని గుర్తించుచు వచ్చెను. 15 పాయింట్లు నిండెను. ఏ పనికొరకు ఆ పిల్లవాడు మూడు రాత్రులు నిద్ర మానెనో ఆ పని వాటిలో లేదు.

చదువరులారా, ఆ దినము మొదలుకొని ప్లానింగు అనగా నేమో నాకు క్రొత్తగా తెలిసినది. 30 పట్టునన్నంతకాలము అన్నియు అత్యవసరములే. 15 మాత్రమే పట్టునని నిజము చెప్పినప్పుడే ఏది నిజముగా అవసరమో తేలినది. చేయగలిగినంతే ఒప్పుకొనుట సోమరితనము కాదు. ఎన్నుకొనవలసినవానికి ఎన్నుకొను బాధ్యతను తిరిగి అప్పగించుట అది.

స్క్రమ్ వ్రాసినవారును ఈ సంగతి గ్రహించిరి. 2011లో తమ మార్గదర్శినిని సవరించినప్పుడు, టీము ఎన్నుకొను పనులను ఒప్పందమనుట మాని అంచనా అనిరి. 2020లో సవరించినప్పుడు, టీము కట్టుబడవలసినది స్ప్రింటు లక్ష్యమునకు అని వ్రాసిరి. చినుకు పడునని చెప్పుట వేరు, చినుకును కురిపించెదనని ఒట్టు పెట్టుకొనుట వేరు. లక్ష్యమును విడువరాదు, దానికి పోవు దారిలో ఏ పని ముందు, ఏ పని వెనుక అనునది మార్చుకొనవచ్చును.

ఇంకొక నియమమును చెప్పి ముగించెదను. స్ప్రింటు కడపట సగమైన పనికి సగము పాయింట్లు రావు, సున్నయే. బావిని 30 అడుగులు త్రవ్వి నీరు పడకమునుపే ఆపినయెడల ఊరికి దొరకినది గొయ్యియే గదా. మొదట ఇది కఠినముగా తోచును. అయితే ఈ నియమమువలననే అయిదు పనులు మొదలుపెట్టి అయిదింటిని సగములో విడుచు అలవాటు తప్పి, రెండు పనులు మొదలుపెట్టి రెండింటిని ముగించు అలవాటు కలుగును. ముగిసినదానిని వాడువారికి చూపుదుము. తరువాత మేము మాత్రమే కూర్చుండి, ఈ రెండు వారములలో ఏది బాగుగ జరిగెను, ఏది మార్చుకొనవలెను అని మాటలాడుకొని, మరల ప్లానింగునకు వత్తుము. అన్ని పనులును రెండు వారములలో ఇముడవు. కొన్నిచోట్ల ఈ సమావేశములు వట్టి ఆచారముగా మిగిలిపోవుటయు కలదు. పద్ధతి మంచిదైనను నిజము చెప్పు నోరు లేనియెడల అది నిష్ప్రయోజనము.

కాబట్టి తల్లులారా, తండ్రులారా, మీ బిడ్డ "ప్లానింగులో ఉన్నాను" అని ఫోను పెట్టివేసినప్పుడు నొచ్చుకొనకుడి. అతడు రెండు వారముల నిద్రను గూర్చి మాటలాడుచున్నాడు. అయితే ఆ రాత్రి మరల ఫోను చేసి, జీతమెంత పెరిగెనని గాక, "ఎంత పని ఒప్పుకున్నావు నాయనా? నీవు చేయగలిగినంతేనా?" అని అడుగుడి. కాదనుట తప్పు కాదని ఇంటిలో విన్న బిడ్డ ఆఫీసులోను ధైర్యముగా పలుకును. పెద్దలు అడిగిన ప్రతిదానికి తలయూపుటయే మర్యాదయని మనమే నేర్పితిమి. అటులనే సంఘములో కోతపండుగ వచ్చినప్పుడు పందిరి, వంట, పాటలు, లెక్కలు అన్నియు "నేను చూచుకొందును" అను ఒక్కని నెత్తిన వేసి మనము ఇంటికి పోకుందము. అతనిని కూర్చుండబెట్టి, చేతిలోనున్న పనులను వ్రాయించి, ఏది విడువవచ్చునో కలిసి చూతము. ఆ కూటములో కడపట కూర్చున్న చిన్నదానిని మొదట అడుగుదము. ఆమెకు తెలిసినది మనకు తెలియకపోవచ్చును.